డార్క్ ఫాంటసీ రొమాన్స్‌లో సీక్వెల్ ఎలా చదవాలి

ఫస్ట్ బుక్ అయిపోగానే ఆ ఊపులోనే రెండోది తెరిచేసి, ఓ వంద పేజీలు వెళ్లాక "ఇదేంటి, ఆ ఫీల్ ఇందులో లేదు, వీళ్లిద్దరూ అసలు ఒకచోట ఉండట్లేదు, ఈ రాజకీయాలన్నీ ఎవరడిగారు" అనుకుని పక్కన పెట్టేసేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఈ జానర్‌లో అసలు కథ సీక్వెల్‌లోనే మొదలవుతుందని గట్టి నమ్మకం. మొదటిది ప్రేమ పుట్టే పుస్తకం, రెండోది ఆ ప్రేమకి పరీక్ష పెట్టే పుస్తకం, రెండింటినీ ఒకే రకంగా చదివితే రెండోది చప్పగానే ఉంటుంది మరి. సీక్వెల్ తెరిచే ముందు ఏం చూసుకోవాలి, లోపలికి వెళ్లాక దేని మీద కన్నేసి ఉంచాలి అనేది ఇక్కడ చెప్తాను. కొన్ని సిరీస్‌ల పేర్లు చెప్తాను కానీ కథలు చెప్పను, ధైర్యంగా చదవండి.

ముందు అది నిజంగా తర్వాతి పుస్తకమేనా చూసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఈ జానర్‌లో చాలామంది ఇక్కడే దారి తప్పుతారు, ఎందుకంటే ఒక సిరీస్ అంటే ఒకటి రెండు మూడు అని వరసగా ఉండదు. మధ్యలో నావెల్లాలు, అంటే చిన్న నవలలు ఉంటాయి, అసలు కథకి ముందు జరిగింది చెప్పే ప్రీక్వెల్ సిరీస్ ఉంటుంది, అదే కథని హీరో వైపు నుంచి మళ్లీ చెప్పే పుస్తకాలు ఉంటాయి, అన్నింటి కవర్లూ ఒకేలా ఉంటాయి. సారా జె. మాస్ రాసిన 'ఎ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' సిరీస్ తీసుకోండి, మొదటిది 2015లో వచ్చింది, రెండోది 2016లో, మూడోది 2017లో, ఆ తర్వాత 2018లో ఒక సన్నటి పుస్తకం వచ్చింది, మళ్లీ పెద్ద నవల 2021లో. ఆ సన్నటిదాన్ని చూసి ఇది ఎక్స్‌ట్రా ఏమోలే అని దాటేసి నేరుగా 2021 దానికి వెళ్లిపోతే, అందులో ముఖ్యమైన పాత్ర ఎందుకంత కోపంగా ఉందో, మిగతావాళ్లు ఆమెతో ఎందుకలా ఉన్నారో సగమే అర్థమవుతుంది.

ప్రీక్వెల్స్‌తో ఇంకో చిక్కు. జెన్నిఫర్ ఎల్. ఆర్మెంట్రౌట్ రాసిన 'ఫ్రమ్ బ్లడ్ అండ్ యాష్' 2020లో మొదలైంది, అదే ప్రపంచంలో ఎంతో ముందు కాలంలో జరిగే ఇంకో సిరీస్ 2021లో మొదలైంది. కథలో ఏది ముందు జరిగితే అది ముందు చదవాలి కదా అని చాలామంది పాత కాలం నాటి కథతో మొదలుపెడతారు. దయచేసి అలా చేయకండి. రైటర్ ఆ ప్రీక్వెల్ రాసేటప్పుడు మీకు కొన్ని రహస్యాలు ఆల్రెడీ తెలుసు అనే లెక్కతోనే రాస్తారు, కాబట్టి అచ్చయిన వరసలో చదవడమే ఎప్పుడూ సేఫ్. రైటర్ తన సైట్‌లో ఫలానా వరసలో చదవండి అని ఇచ్చి ఉంటే అది ఇంకా మంచిది.

మూడో రకం, హీరో వైపు నుంచి చెప్పేవి. స్కార్లెట్ సెయింట్ క్లేర్ 'ఎ టచ్ ఆఫ్ డార్క్‌నెస్' 2019లో వస్తే 'ఎ గేమ్ ఆఫ్ ఫేట్' 2020లో వచ్చింది, రెండోదాంట్లో హీరో హేడీస్, అంటే గ్రీకు పాతాళ దేవుడి చూపులోంచి అదే కథ నడుస్తుంది. అది ముందుకెళ్లే కథ అనుకుని తెరిస్తే "ఇవన్నీ చదివేశాం కదా" అనిపిస్తుంది. అలాంటి పుస్తకాలకి వేరే రుచి ఉంది, అవి తొందరలో ఉన్నప్పుడు చదివేవి కాదు.

ఇంకో సంగతి, రెండో బుక్‌లో జంట అదేనా వేరేనా అని తెలుసుకోండి. కొన్ని సిరీస్‌లు ఒకే జంటని చివరిదాకా నడిపిస్తాయి, కొన్ని ఒక్కో పుస్తకానికి ఒక్కో జంటని తీసుకుంటాయి, పాత జంట పక్క పాత్రలైపోతారు. ఇది ముందే తెలిస్తే "నా వాళ్లు ఎక్కడ" అని వెతుక్కుంటూ కూర్చోరు. కానీ దీనికోసం వెనక అట్ట మీది బ్లర్బ్ మొత్తం చదవక్కర్లేదు, సీక్వెల్ బ్లర్బ్ మొదటి లైన్‌లోనే ఫస్ట్ బుక్ క్లైమాక్స్ చెప్పేస్తుంటారు, మొదటిది పూర్తి చేయనివాళ్లయితే అటు చూడనే వద్దు.

మొదటి పుస్తకాన్ని గుర్తు తెచ్చుకోవడం

మొదటిది చదివి చాలా రోజులైపోతే మళ్లీ మొత్తం చదవాలా అని అడుగుతుంటారు. ఓపిక, టైమ్ ఉంటే చదవండి, అంతకంటే మంచిదేముంది. లేకపోతే మాత్రం మూడు చోట్లు చాలు. ఇద్దరూ మొదటిసారి ఎదురుపడే సీను, ఒప్పందమో ప్రమాణమో కుదిరే సీను, ఆఖరి నాలుగైదు చాప్టర్లు, కథ అయ్యాక వచ్చే ఎపిలోగ్‌తో సహా. ఎపిలోగ్ ఎందుకంటే ఈ జానర్‌లో చాలామంది రైటర్లు సీక్వెల్‌కి కావాల్సిన విత్తనం అక్కడే పెడతారు, ఒక్కోసారి ఎపిలోగ్ ఇంకెవరి గొంతులోనో ఉంటుంది, అదే రెండో బుక్‌కి తాళంచెవి.

చదివాక ఒక కాగితం మీదో ఫోన్ నోట్స్‌లోనో ఇవి రాసుకోండి. ఎవరికి ఏ రహస్యం తెలుసు, ఎవరికి తెలియదు. ఎవరు ఎవరికి బాకీ పడి ఉన్నారు, ప్రాణం బాకీ, మాట బాకీ, రక్తం బాకీ ఏదైనా సరే. మ్యాజిక్ వాడితే ఒంటికి ఏమవుతుంది, ఏం పోతుంది. చివరి పేజీలో ఎవరు ఎక్కడున్నారు. ఇందులో మొదటిది చాలా ముఖ్యం, ఎందుకంటే సీక్వెల్‌లో సగం గొడవలు "నీకు తెలిసి కూడా నాకు చెప్పలేదు" అనే దగ్గరే మొదలవుతాయి, ఆ సీను వచ్చేసరికి హీరోయిన్‌కి ఏది ఎప్పుడు తెలిసిందో మీకు గుర్తులేకపోతే ఆమె కోపం అనవసరం అనిపిస్తుంది.

పాత్ర పేరు మర్చిపోయారని సెర్చ్ బాక్స్‌లో మాత్రం కొట్టకండి. పేరు సగం టైప్ చేసేలోపే కింద "చనిపోతాడా", "ఎవరిని పెళ్లి చేసుకుంటుంది" అని సజెషన్లు వచ్చేస్తాయి, అంతే, ఆరొందల పేజీల సస్పెన్స్ అక్కడితో పోయింది. ఫ్యాన్ వికీలు కూడా అంతే, పైన ఫోటో పక్కనే ఆ పాత్ర స్టేటస్ బతికుందా పోయిందా అని రాసి ఉంటుంది. కిండిల్‌లో చదివేవాళ్లయితే ఆ పుస్తకంలోనే సెర్చ్ చేసుకోవచ్చు, ఎక్స్-రే అనే ఫీచర్ ఉన్న పుస్తకమైతే పేరు మీద నొక్కి ఆ మనిషి ఇంతకు ముందు ఎక్కడ కనిపించాడో చూసుకోవచ్చు. పేపర్ కాపీ అయితే మొదటి బుక్‌లో ఉన్న మ్యాప్, గ్లాసరీ చూడండి. రెండో బుక్ గ్లాసరీని మాత్రం ముందే చూడకండి, పాత్ర పేరు పక్కన "రాణి" అనో "మాజీ" అనో ఉంటే చాలు కదా.

నోరు తిరగని పేర్లు గుర్తుండట్లేదు అనేవాళ్లు ఆడియోబుక్ శాంపిల్ కాసేపు వినండి. పేరు ఎలా పలకాలో ఒకసారి చెవిన పడితే తర్వాత కంటికి అది అక్షరాల గుంపులా కాకుండా మనిషిలా కనిపిస్తుంది, ఇది నిజంగా పనిచేస్తుంది.

డార్క్ అంటే ఎంత డార్క్

సీక్వెల్స్ దాదాపు ఎప్పుడూ మొదటిదానికంటే చీకటిగా ఉంటాయి. బందీగా ఉంచడం, చిత్రహింస, యుద్ధం, దగ్గరివాళ్లు చనిపోవడం, బలవంతపు పెళ్లి, మనసుని లొంగదీసుకునే మ్యాజిక్, ఇవన్నీ రెండో పుస్తకంలోకి వస్తాయి. అలాగే ఫస్ట్ బుక్‌లో ముద్దు దగ్గర ఆగిన సిరీస్ సీక్వెల్‌లో చాలా ఓపెన్‌గా రాయడం కూడా మామూలే. సారా జె. మాస్ సిరీస్‌నే చూడండి, మొదట్లో యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ పాఠకుల పుస్తకం అని అమ్మారు, తర్వాత కొత్త కవర్లతో అడల్ట్ సెక్షన్‌కి మార్చారు. కాబట్టి ఇంట్లో పిల్లలు మొదటిది చదివారు కదా రెండోది కూడా ఇచ్చేద్దాం అనుకునేవాళ్లు ఒకసారి ఆగి చూసుకోండి.

కంటెంట్ వార్నింగ్స్ పుస్తకం ముందు పేజీల్లో ఉంటాయి, లేకపోతే రైటర్ సైట్‌లో ఉంటాయి. అవి చదివితే సస్పెన్స్ పోతుంది అనేవాళ్లతో నేను ఒప్పుకోను, "ఇందులో హింస ఉంది" అని తెలియడం వేరు, ఎవరికి ఎప్పుడు జరుగుతుందో తెలియడం వేరు. మీరు సొంత జీవితంలో మోస్తున్న బాధ ఏదైనా అందులో ఉంటే ముందే తెలుసుకోవడం మీ హక్కు. ఒక సీను తట్టుకోలేకపోతున్నారు అంటే అక్కడ ఆపి తర్వాతి సీన్ బ్రేక్‌కో చాప్టర్‌కో వెళ్లిపోండి, ఆ చాప్టర్ మొదటి పేజీ నెమ్మదిగా చదవండి, జరిగినదాని ఫలితం అక్కడ కచ్చితంగా ఉంటుంది, కథ చెయ్యి జారిపోదు. ధైర్యం చూపించుకోవడానికి చదివే పుస్తకాలు కావు ఇవి.

ఇంకోటి, హీరో చీకటి మనిషి అయితే అతను చేసే ప్రతిదీ మనం ఒప్పేసుకోవాలని లేదు. ఆ పని పట్ల పుస్తకం ఎలా ఉందో చూడండి. అతను ఆమె మాట వినకుండా ఆమె కోసం నిర్ణయం తీసేసుకుంటే, దాని మూల్యం అతను కట్టాడా లేదా, ఆమెకి కోపం రావడానికి చోటుందా లేదా. మంచి సీక్వెల్ ఆ లెక్క తేలుస్తుంది. చెడ్డ సీక్వెల్ ఒక ముద్దుతో మాఫీ చేసేస్తుంది, అలాంటప్పుడు మీకు చిరాకొస్తే ఆ చిరాకు కరెక్టే, రీడర్‌గా మీ తప్పేం లేదు.

మొదటి వంద పేజీలు

ఇక అసలు విషయానికి వద్దాం. ఫస్ట్ బుక్‌ని నడిపించిన ఇంజన్ ఏంటంటే "ఇష్టమా కాదా, చెప్తారా చెప్పరా". చెప్పేశాక ఆ ఇంజన్ ఆగిపోతుంది, రైటర్ ఇంకో ఇంజన్ పెట్టాలి. అందుకే సీక్వెల్ మొదట్లో వాళ్లని విడదీస్తారు, లేదా కలిపే ఉంచి మధ్యలో ఒక అబద్ధం పెడతారు, లేదా ఒకరికి కిరీటం ఇచ్చి ఇంకొకరిని ఆ కిరీటం ముందు నిలబెడతారు. మొదటిదాంట్లో ప్రశ్న "ప్రేమిస్తున్నారా", రెండోదాంట్లో ప్రశ్న "నమ్మగలరా". ఈ మార్పు పట్టుకుంటే మొదటి వంద పేజీలు బోర్ కొట్టవు, ప్రతి చిన్న సంభాషణలో ఎవరు ఏం దాచారు అనే కుతూహలం వచ్చేస్తుంది.

పాత జానపద కథలు కొంచెం తెలిసి ఉంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది, ఎందుకంటే ఈ జానర్ మూలాలన్నీ అక్కడే ఉన్నాయి. రెండో శతాబ్దంలో అపులీయస్ లాటిన్‌లో రాసిన ప్రేమ దేవుడు క్యుపిడ్, మనిషి అమ్మాయి సైకీ కథ చూడండి. మొదటి సగంలో సైకీ ఎవరో తెలియని భర్తతో మాయా మహల్లో ఉంటుంది, రాత్రిపూట మాత్రమే వస్తాడు, మొహం చూడకూడదు అన్నది షరతు, ఆమె దీపం వెలిగించి చూసేస్తుంది, అతను వెళ్లిపోతాడు. ఈ జానర్‌లో ఎన్నో ఫస్ట్ బుక్స్ సరిగ్గా ఇక్కడే ఆగుతాయి. కానీ కథ అక్కడితో అయిపోలేదు, రెండో సగం అంతా క్యుపిడ్ తల్లి వీనస్ పెట్టే పరీక్షలే, గింజలు వేరు చేయడం దగ్గర్నుంచి పాతాళానికి వెళ్లి రావడం దాకా అన్నీ దాటాల్సి వస్తుంది. ఆ రెండో సగమే సీక్వెల్. స్కాట్లండ్ వైపు పాడుకునే టామ్ లిన్ బ్యాలడ్‌లో, అంటే కథ చెప్పే జానపద పాటలో కూడా అంతే, ప్రేమించడం సులువుగానే అయిపోతుంది, ఫెయిరీ రాణి చెరలో ఉన్న ఆ అబ్బాయిని విడిపించాలంటే మాత్రం అతను పాములా, మృగంలా, మండే ఇనుములా మారుతున్నా ఆ అమ్మాయి వదలకుండా పట్టుకునే ఉండాలి. ఈ పట్టుకుని ఉండడం అనేదే రెండో పుస్తకం పని. హీరో మారిపోయాడు, ఇతను అతనేనా అనిపించే చాప్టర్లు వస్తే ఈ బ్యాలడ్‌ని గుర్తు తెచ్చుకోండి, రైటర్ కావాలనే అతన్ని వేరే ఆకారంలో చూపిస్తున్నారేమో గమనించండి.

బ్యూటీ అండ్ ది బీస్ట్ తరహా సిరీస్‌లలో ఇంకో మెలిక ఉంటుంది. విల్‌న్యూవ్ అనే రచయిత్రి 1740లో ఫ్రెంచ్‌లో రాసిన ఆ పెద్ద కథని బోమాంట్ అనే ఇంకో రచయిత్రి 1756లో చిన్నది చేసి రాస్తే అదే ప్రపంచమంతా పాకింది, శాపం తీరింది, పెళ్లయింది, శుభం. ఇప్పటి సీక్వెల్స్ ఆ శుభం కార్డు తర్వాత మొదలవుతాయి, శాపం పోయాక కూడా ఆ మహల్లో ఆమెకి స్వేచ్ఛ ఉందా అని అడుగుతాయి. దాంతో ఫస్ట్ బుక్‌లో రక్షణలా కనిపించిన పని రెండోదాంట్లో కట్టడిలా కనిపించవచ్చు, అప్పుడు విలన్‌లా అనిపించినవాడి మాట ఇప్పుడు వేరేలా వినిపించవచ్చు. ఇలా జరిగినప్పుడు రైటర్ పాత్రని పాడుచేశారు అని వెంటనే అనేయకుండా, ఒకసారి ఫస్ట్ బుక్‌లో ఆ సీను తిరగేసి చూడండి. సూచనలు అప్పుడే ఉన్నాయా? ఉంటే రైటర్ మనల్ని హీరోయిన్‌తో పాటు గుడ్డిగా ప్రేమించేలా చేసి ఇప్పుడు కళ్లు తెరిపిస్తున్నారు, అది గొప్ప పనితనం. లేకపోతే అప్పుడు తిట్టుకోవచ్చు.

ఇంకా హీరోయిన్ మొదటి బుక్ క్లైమాక్స్‌లో చంపి, చచ్చి, బతికి వస్తుంది కదా, సీక్వెల్ మొదట్లో ఆమె నిద్రపోలేదు, తినలేదు, ఎవరైనా ముట్టుకుంటే ఉలిక్కిపడుతుంది. ఈ చాప్టర్లు స్లోగా ఉన్నాయని దాటేయకండి. ఆమె మళ్లీ ఒక పనిముట్టో కత్తో కుంచెనో చేతిలోకి తీసుకునే సీను వచ్చినప్పుడు గుండె ఝల్లుమనాలంటే ఈ మందకొడి చాప్టర్లు మీ లోపల ఉండాలి.

మాటల్ని పట్టుకోండి, మరీ ముఖ్యంగా ఒప్పందాలని

ఈ గైడ్‌లో ఒక్కటే గుర్తుంచుకుంటాను అంటే ఇది గుర్తుంచుకోండి. ఈ జానర్‌లో మాటకి చట్టం అంత బలం ఉంటుంది. చాలా సిరీస్‌లలో ఫే జాతి వాళ్లు, అంటే మాయాశక్తులున్న ఫెయిరీలు అబద్ధం ఆడలేరు, కాబట్టి వాళ్లు నిజాన్నే వంకరగా చెప్పడంలో ఆరితేరి ఉంటారు. "నేను నీకు హాని చేయను" అన్నాడంటే ఇంకొకరితో చేయించను అని అనలేదు. "ఈ కోటలో ఉన్నంతకాలం" అన్నాడంటే గుమ్మం దాటాక ఆ మాటకి విలువ లేదు. హిరణ్యకశిపుడి వరం మనకి తెలిసిందే కదా, పగలు కాదు రాత్రి కాదు, ఇంట్లో కాదు బయట కాదు, మనిషి చేతిలో కాదు మృగం చేతిలో కాదు అని అన్నీ మూసేశానని అనుకుంటే సంధ్యవేళ గడప మీద నరసింహుడు వచ్చాడు. ఆ కథ వింటూ పెరిగిన మనకి ఈ ఒప్పందాల్లో సందు వెతకడం కొత్త కాదు, ఆ చూపుతోనే చదవండి.

ఎలా చేయాలంటే, ఒప్పందం సీను వచ్చిన చోట ఆగి ఆ వాక్యాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి, మీ మాటల్లో కాదు, పుస్తకంలో ఉన్న మాటల్లో. ఇచ్చేది ఎవరు, తీసుకునేది ఎవరు, ఎప్పటిదాకా, బదులుగా ఏంటి, ముఖ్యంగా ఏ మాట అనకుండా వదిలేశారు. ఫస్ట్ బుక్‌లో కుదిరిన ఒప్పందం సీక్వెల్‌లో అమల్లోకి వస్తుంది సాధారణంగా, నెలకోసారి వచ్చి ఉండాలి అనో, అడిగినప్పుడు ఒక్క పని చేయాలి అనో ఉంటుంది, దాన్ని ఎప్పుడు ఎవరు వాడుకుంటారు అనేదే ప్లాట్. హేడీస్, అతను ఎత్తుకెళ్లిన పెర్సెఫనీ మీద కట్టిన సిరీస్‌లలో అయితే దానిమ్మ గింజల లెక్క ఉంటుంది, పాతాళంలో దానిమ్మ తిన్నందుకు పాత గ్రీక్ స్తోత్రంలో పెర్సెఫనీ ఏడాదిలో మూడో వంతు పాతాళంలో ఉండాలి, రోమన్ కవి ఓవిడ్ దగ్గరికి వచ్చేసరికి అది సగం ఏడాది అయింది. ఇప్పటి రైటర్లు ఆ గడువుని తమకి కావాల్సినట్టు మారుస్తారు, ఎంత మార్చారు, ఎవరికి లాభంగా మార్చారు అన్నది చూస్తే రైటర్ ఏ వైపు ఉన్నారో తెలిసిపోతుంది.

జోస్యాలు కూడా ఇంతే. సీక్వెల్‌లో జోస్యం రెండోసారి వినిపిస్తే మొదటిసారికీ దీనికీ ఒక్క మాటైనా తేడా ఉందా చూడండి, ఒక్కోసారి మొదట విన్నది సగమే అని, లేదా "ఆమె" అన్నది మనం అనుకున్న ఆమె కాదని బయటపడుతుంది. బిరుదులు గమనించండి, నిన్నటిదాకా పేరు పెట్టి పిలిచినవాడు ఈ రోజు సభలో "మహారాణీ" అన్నాడంటే అది ప్రేమో దూరమో హెచ్చరికో సందర్భం చెప్తుంది.

రొమాన్స్ సీన్లని కూడా ప్లాట్‌లా చదవండి. స్పైసీ, అంటే శృంగారం ఓపెన్‌గా ఉండే సీన్లు ఇబ్బంది అనుకునేవాళ్లు దాటేయొచ్చు, కానీ సీను మొదట్లో పదిలైన్లు, అయిపోయాక పదిలైన్లు వదలొద్దు. ఎందుకంటే రహస్యాలు బయటపడేది, అసలు పేరు చెప్పేది, వీపు మీది మచ్చల కథ తెలిసేది అక్కడే. అలాగే ఫస్ట్ బుక్‌లో ఉన్న సీనుకీ దీనికీ తేడా ఏంటి అన్నది చూడండి, ఎవరు ముందు అడిగారు, ఎవరు ఆగమన్నారు, ఆగమంటే ఆగారా. నమ్మకం ఎంత దూరం వచ్చిందో డైలాగులకంటే ఇక్కడే బాగా తెలుస్తుంది.

గొంతు మారితే

రెండో బుక్‌లో హీరో పీఓవీ, అంటే హీరో వైపు నుంచి చెప్పే చాప్టర్లు కొత్తగా కలపడం తరచుగా చూస్తాం. మొదటిదంతా ఆమె కళ్లతో చూశాక అతని లోపలికి వెళ్లడం మొదట ఆనందంగానే ఉంటుంది, కానీ దాంతో పాటు అతని మిస్టరీ కొంత పోతుంది, అది సహజం. అతని చాప్టర్లు చదివేటప్పుడు అతను దేన్ని తలుచుకోవడం మానేస్తున్నాడో చూడండి, ఒక పేరు వచ్చిందంటే ఆలోచన పక్కకి తిప్పేస్తున్నాడంటే అక్కడ ఏదో ఉంది. చాప్టర్ పైన పేరు, తేదీ, ఊరు ఉంటే గబగబా దాటేయకుండా చదవండి, అరపేజీ అయ్యాక ఇది ఎవరు మాట్లాడుతున్నారు అని వెనక్కి తిరగాల్సిన పని ఉండదు.

ఆఖరి పావు భాగం, ఆ తర్వాత

చివరి పావు భాగాన్ని వీలైతే ఒక్క కూర్చోటంలో చదవండి, నిద్ర మానుకుని అర్ధరాత్రి మూత పడుతున్న కళ్లతో మాత్రం వద్దు. ఈ పుస్తకాల్లో ద్రోహం ఒక్క వాక్యంలో జరిగిపోతుంది, ఆ వాక్యాన్ని నిద్రమత్తులో దాటేస్తే తర్వాత యాభై పేజీలు అర్థం కావు.

రొమాన్స్ అంటే చివరికి కలవాలి అన్నది ఈ జానర్ రైటర్లు రీడర్లకి ఇచ్చే మాట. కానీ ఒకే జంటతో నడిచే సిరీస్‌లో ఆ మాట ఆఖరి పుస్తకానికి వర్తిస్తుంది, మధ్య పుస్తకానికి కాదు. అందుకని సీక్వెల్ ఎడబాటుతోనో బందీఖానాతోనో ముగిస్తే మోసం చేశారు అనుకోకండి. రెండే పుస్తకాల సిరీస్ అయితే మాత్రం ఇక్కడే కలపాలి, కాబట్టి మొత్తం ఎన్ని పుస్తకాలు అన్నది ముందే తెలుసుకోవడం వల్ల మనసు సిద్ధంగా ఉంటుంది. మూడోది వచ్చిందా లేదా కూడా చూసుకోండి. రెబెకా యారోస్ 'ఫోర్త్ వింగ్' 2023 మే నెలలో వచ్చింది, సీక్వెల్ 'ఐరన్ ఫ్లేమ్' అదే ఏడాది నవంబర్‌లోనే వచ్చేసింది, మూడోదానికి మాత్రం 2025 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది. ఒక ఎదురుచూపు ఆర్నెల్లు, ఇంకోటి ఏడాది దాటి. కథ ఉత్కంఠలో ఆగిపోయే క్లిఫ్‌హ్యాంగర్ మీద వేలాడడం ఇష్టం లేని మనిషి అయితే మూడోది రిలీజయ్యే నెలలో రెండోది మొదలుపెట్టండి, అందులో తప్పేం లేదు. అందరితో పాటు థియరీలు అల్లుకుంటూ ఎదురుచూడడంలో ఆనందం ఉందనుకునేవాళ్లు వెంటనే చదివేయండి, ఆ ఎదురుచూపు మళ్లీ దొరకదు.

వదిలేయాలా వద్దా అనే ప్రశ్న వస్తే నా కొలత ఇది. ఇద్దరూ నిజం మాట్లాడుకునే మొదటి సీను దాకా చదవండి. మంచి సీక్వెల్‌లో అది సగం లోపు వస్తుంది. సగం దాటినా ఒక్క ప్రశ్నతో తేలిపోయే అపార్థాన్నే ఇంకా సాగదీస్తున్నారు, ఎవరూ నోరు విప్పరు అంటే మూసేయండి, మీ సమయం విలువైంది. కానీ వాళ్లు నిజం మాట్లాడుకున్నాక కూడా విడిగానే ఉండాల్సి వస్తోంది అంటే ఆ పుస్తకాన్ని వదలకండి, ఆ రైటర్‌కి తను ఏం చేస్తున్నారో తెలుసు.

అయిపోయాక బోనస్ చాప్టర్లు ఉన్నాయేమో చూడండి, స్పెషల్ ఎడిషన్లలోనో రైటర్ న్యూస్‌లెటర్‌లోనో హీరో వైపు నుంచి ఒకటో రెండో సీన్లు ఇస్తుంటారు, అవి పుస్తకం పూర్తయ్యాకే చదవాలి. మీరు రాసుకున్న నోట్స్‌లో తీరిపోయిన ఒప్పందాలు కొట్టేసి, తీరనివి, కొత్తగా కుదిరినవి కింద రాసి ఉంచుకోండి, మూడోది తెరిచే రోజున మొదట చదవాల్సింది ఆ కాగితమే. ఇంకా మీరు ఎవరికైనా ఈ సీక్వెల్ చదవమని చెప్పేటప్పుడు ఎవరు చనిపోతారో, ఎవరు మారతారో చెప్పకండి, "మొదటి వంద పేజీలు ఓపిక పట్టు, ఒప్పందాలు జాగ్రత్తగా చదువు" అనండి చాలు.